కుండలీకరణ పర్వం

తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయపు గణితశాఖలో ఆచార్య గిరిప్రసాద్‌కూ ఆచార్య ధనశేఖర్‌కూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. రాజులు రాజ్యాల కోసమూ, అన్నదమ్ములు గట్ల కోసమూ కొట్టుకున్నారని పురాణాలూ కోర్టులూ చెబుతున్నాయి. వీరిద్దరూ కొట్టుకున్నది కుండలీకరణాల కోసం, అనగా బ్రాకెట్ల కోసం. ఇంతకంటె నిస్వార్థమైన పగ సీమ మొత్తంలో మరొకటి లేదని శాఖలోని వారందరూ కొంత గర్వంగానే ఒప్పుకునేవారు.

ఈ పగ పుట్టుక తెలియాలంటే క్రమయుగ్మం సంగతి తెలియాలి. రెండు వస్తువులను వరుస తప్పకుండా పక్కపక్కన కూర్చోబెడితే అది క్రమయుగ్మం. (క, ఖ) అని రాస్తారు. దానికి ఆస్తిపాస్తులేమీ లేవు, ఒకే ఒక్క ధర్మం ఉంది. రెండు యుగ్మాలు సమానమైతే వాటిలో మొదటివి మొదటివాటితోనూ, రెండోవి రెండోవాటితోనూ సమానం కావాలి. ఈ ధర్మం నిలిచినంతకాలం అది యుగ్మం; ధర్మం తప్పితే ఉత్త గుంపు. ఇక మూడో వస్తువు వచ్చి నాకూ చోటిమ్మంటే, యుగ్మం లోపల మరో యుగ్మాన్ని ఇరికించాలి. ముందరి ఇద్దరినీ ఒక మూటగా కట్టవచ్చు, ((క, ఖ), గ). వెనకటి ఇద్దరినీ కట్టవచ్చు, (క, (ఖ, గ)). మనుషుల కంటికి రెండూ ఒకటే. నిరూపణ యంత్రానికి మాత్రం కావు.

నిరూపణ యంత్రమంటే ఇనుముతో చేసినది కాదు. కంప్యూటర్‌లో నడిచే ఒక ప్రోగ్రాం. గణితజ్ఞుడు రాసిన రుజువును పంక్తి పంక్తిగా చదివి, కారణం చెప్పని పంక్తిని ఎర్రగా, చెప్పినదాన్ని ఆకుపచ్చగా చూపిస్తుంది. ఉన్నత క్రమ తర్కమనే శాస్త్రం దాని ధర్మశాస్త్రం. ఆ శాస్త్రంలో ప్రతి వస్తువుకూ ఒక రకం ఉంటుంది, మనకు గోత్రం ఉన్నట్టు. పై రెండు త్రికాల, అనగా మూడేసి వస్తువుల మూటల, గోత్రాలు వేరు కనుక అవి సమానమని రాస్తే, యంత్రం అది తప్పని కూడా అనదు. అసలు వాక్యమే కాదంటుంది. పండితుణ్ణి తప్పన్నా సహిస్తాడు. మాట్లాడిందే భాష కాదంటే సహించడు.

గిరిప్రసాద్ సహించలేదు. పలమనేరు దగ్గర నూరెకరాల ఇంట పుట్టిన మనిషి. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద లోపలి బ్రాకెట్లు లేకుండా (క, ఖ, గ) అని రాసి చప్పట్లు అందుకున్నవాడు. కుండలీకరణాలు అలంకారాలనీ, నగలు తీసినంత మాత్రాన మనిషి మారడనీ ఆయన సిద్ధాంతం. విద్యార్థుల ఎదుట యంత్రం తనను దిద్దడంతో ఆయన విశ్వామిత్రుడయ్యాడు. యంత్రం లోపలే వేరొక సృష్టి చేశాడు. అందులో గోత్రాలు లేవు. అన్నీ 'వస్తువు' అనే ఒకే రకానికి చెందుతాయి. వాటికి ఆయన సొంత యుగ్మం ఉంది, దానికి యుగ్మధర్మం ఉంది. ఆపైన, మూట ముందు కట్టినా వెనక కట్టినా ఒకటేనని ఒక స్వీకృతం, అనగా రుజువు అడగకుండా ఒప్పుకోవలసిన మాట, ఉంది. నిరూపణలో చీమంత తప్పు సహించని యంత్రం, స్వీకృతమనే ముద్ర వేసి ఏనుగును తోలినా పక్కకు జరిగి దారి ఇస్తుంది. ఈ సృష్టికి ఆయన 'ఆధారం' అని పేరు పెట్టాడు. ఆయన శిష్యులెవరైనా తమ పరిశోధన గ్రంథం మొదటి పంక్తిలో ఆ ఫైలును పిలవాలి, పూజకు ముందు పసుపు వినాయకుణ్ణి నిలిపినట్టు.

చిత్తూరు వర్తకుల ఇంటి బిడ్డ ధనశేఖర్‌కు ఈ మూటలంటేనే అసహ్యం. ప్రమేయానికి ఇవ్వవలసినవి, దర్శనం క్యూలో మనుషులను వదిలినట్టు, ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వాలన్నది ఆయన మతం. సభల్లో గిరిప్రసాద్ పేరు ఎత్తక, 'మూటలు మోసేవాళ్లు' అనేవాడు. గిరిప్రసాద్ ఆయన పేరు ఎత్తక, 'బిచ్చం వేసేవాళ్లు' అనేవాడు. ఇద్దరూ ముఖాముఖి మాట్లాడుకోవడం మానేశారు. అవసరమైన తిట్లు అటెండరు మోసేవాడు. కాలక్రమంలో ధనశేఖర్ శాఖాధిపతి అయ్యాడు. గిరిప్రసాద్ పగ మరింత పరిశుద్ధమైంది.

ఈ రెండు సేనల నడుమ పడ్డ పిల్ల లోకేశ్వరి. చిత్తూరు బెల్లం మండీలో దళారీ చేసే మునిరామయ్య కూతురు, గిరిప్రసాద్ శిష్యురాలు. చిత్తూరులోనే ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ బస్సులో తిరుపతికి వచ్చి పోతూ గ్రంథం రాసింది. డాక్టరేటు చేతికి వస్తే ఆ ఉద్యోగం స్థిరమవుతుంది. జూన్ నాటికి రాకపోతే వేరే వారిని చూసుకుంటామని యాజమాన్యం మర్యాదగా చెప్పింది. అంత మర్యాదగా చెప్పినది తప్పక జరుగుతుందని ఆమెకు తెలుసు.

ఆమె గ్రంథం పాకాల లాంటి ఒక ఊహా జంక్షన్ గురించి. రైలు, దారి, దీపం కలిసి ఒక త్రికం. జంక్షన్‌లో రెండు రైళ్లకు ఒకే దారి దొరకదని యంత్రం చేత ఒప్పించడం ఆమె పని. గ్రంథం అట్ట వేసుకుని పరీక్షకుని దగ్గరకు వెళ్లిపోయిన తర్వాత, ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో కూర్చుని, చాలాకాలంగా మొండికేసిన ఒక చిన్న ఉపసిద్ధాంతాన్ని యంత్రం తనంతట తాను నిరూపించగలదేమోనని మీట నొక్కింది. టీ గ్లాసు చల్లారకముందే పచ్చరంగు వచ్చింది.

ముందు సంతోషించింది. తర్వాత, వర్తకుల ఇంటి పిల్ల కనుక, సరుకు ఇంత చవగ్గా ఎందుకు వచ్చిందని అనుమానించింది. యంత్రం వాడిన కారణాలను విప్పి చూసింది. వాటిలో రైళ్లు లేవు, దారులు లేవు, దీపాలు లేవు. ఉన్నవి రెండే: యుగ్మధర్మం, గురువుగారి స్వీకృతం.

కాగితం తీసుకుని చేత్తో లెక్క వేసింది. ((క, ఖ), గ), (క, (ఖ, గ)) ఒకటేనని గురువు గారి వాక్కు. యుగ్మాలు సమానమైతే మొదటివి సమానం కనుక, (క, ఖ) అనేదీ క అనేదీ ఒకటే. రెండోవీ సమానం కనుక, గ అనేదీ (ఖ, గ) అనేదీ ఒకటే. అంటే ప్రతి యుగ్మమూ తన మొదటి సభ్యుడితో సమానం, తన రెండో సభ్యుడితోనూ సమానం. అప్పుడు ఆ సభ్యులిద్దరూ ఒకరికొకరు సమానం. ఆ ఇద్దరూ ఎవరైనా సరే.

ఆమె యంత్రంలో 'ఎర్రదీపం = పచ్చదీపం' అని రాసింది. పచ్చరంగు వచ్చింది. ఆ రెండు దీపాలూ వేరని అదే ఫైలులో మరోచోట ఉంది. ఒకటేననీ వేరనీ రెండూ చెల్లితే తర్కంలో ఏదైనా చెల్లుతుంది కనుక, ఇక ఆ సృష్టిలో రుజువు కానిదంటూ ఏదీ లేదు. తన రైళ్లు గుద్దుకోకపోవడానికి కారణం కూడా అప్పుడు అర్థమైంది. ఉన్న రైళ్లన్నీ ఒకటే రైలు. ఒక రైలు తనను తాను గుద్దుకోదు.

గిరిప్రసాద్ ఆ కబురు విన్నప్పుడు తన గదిలో కొత్త సన్మానపత్రానికి గోడ మీద చోటు వెతుకుతున్నాడు. కోపం వచ్చినప్పుడు ఆయన ఇంగ్లీషు ఆయనను వదిలి వెళ్లేది; పలమనేరు మిగిలేది.

"ఎవురు సెప్పినారు నీకు?" అన్నాడు.

"యంత్రమే చెప్పింది సార్."

"దానికేం తెలుసమ్మా. నేను నేర్పించిందే కదా అది సెప్పేది."

"అవును సార్. మీరు నేర్పించిందే చెప్పింది."

"నీ రైళ్లు గుద్దుకోవని రుజువయిందా, లేదా?"

"అయింది సార్."

"మరింకేం?"

"గుద్దుకుంటాయని కూడా అయింది సార్."

తర్వాత ఆయన చెప్పినదాని సారాంశం ఏమిటంటే, ఆ ఫైలు మీద నిలబడి ఎందరో డాక్టర్లయి దేశదేశాల పాఠాలు చెప్పుకుంటున్నారు, ఒక్కరికీ రాని అనుమానం ఈమెకు వచ్చింది, అది ఆమె పుట్టిన తావు గుణం. తక్కెడ వెనక పెరిగినవాళ్లకు ప్రతిచోటా తరుగే కనిపిస్తుందని అన్నాడు. ఆ మాట లోకేశ్వరి తలవంచుకుని విన్నది. ఆమె తండ్రి తూకం మీద మండీలో ఇంతవరకూ ఎవరూ మాట అనలేదు.

"ఆ గీత తీసేస్తావా, తీసేయి. దాంతోపాటు నా పేరు కూడా తీసేయి. గైడు లేని గ్రంథాన్ని యా ఊర్లో తీసుకుంటారో పోయి అడుక్కో" అని ఆయన సన్మానపత్రం వైపు తిరిగాడు.

సమర్పించిన గ్రంథంలో లోకేశ్వరి ఆ స్వీకృతపు గీత తీయలేదు, కాని వేరే కాపీలో తీసింది. ఆదివారాలన్నీ పెట్టి, యంత్రం సొంత యుగ్మాలతో, ప్రతి బ్రాకెట్టునూ దాని చోట నిలిపి, వడ్లలో రాళ్లు ఏరినట్టు గ్రంథాన్ని మళ్లీ కట్టింది. నాలుగు అధ్యాయాలు నిలబడ్డాయి. ఒక జంక్షన్ క్షేమమని నిజంగానే తేలింది. అయిదో అధ్యాయం నిలవలేదు. ఒక జంక్షన్‌కు చెల్లినది, ఒకదానికొకటి తగిలించిన ఎన్ని జంక్షన్లకైనా చెల్లుతుందని చెప్పే ఆ అధ్యాయానికి 'గిరిప్రసాద్ విస్తరణ సిద్ధాంతం' అని పేరు. ఆ పేరు పెట్టినది గిరిప్రసాదే. అది బ్రాకెట్లను మరిచిపోతే తప్ప నడవదు. ఆమె ఎన్ని దారుల్లో తోలినా ఎర్రగానే ఆగింది.

ఇంతలో శత్రుశిబిరానికి వేగు అందింది. లోకేశ్వరి ల్యాబ్‌లో తెర ఆపకుండా బయటకు వెళ్లిన ఒకనాడు ధనశేఖర్ స్వయంగా ఆ తెర ముందు నిలబడి, ఎర్రదీపం పచ్చదీపంతో సమానమైన వైనాన్ని తృప్తిగా చదువుకున్నాడు. మర్నాడు ఆమెను తన గదికి పిలిపించి కూర్చోమన్నాడు. శాఖలో అప్పటికి ఎవరినీ కూర్చోమన్న దాఖలా లేదు.

"ఏమ్మా, నీకు రంగులు కనపడవా?" అన్నాడు. "భయపడొద్దు. ఓపెన్ వైవాలో నేను లేసి అడుగుతాను. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు. ఆయప్ప పరువు ఆడికాడికే తేలిపోతాది. నిన్ను నా కింద మళ్లీ రిజిస్టర్ చేయించే పూచీ నాది."

"మళ్లీ అంటే సార్?"

"మొదటి నుంచి. మూటలు లేకుండా, ఒక్కొక్కటిగా. మూడేండ్లలో అయిపోతాది."

"జూన్‌లో నా ఉద్యోగం పోతాది సార్."

"సత్యానికి కొంత ఖర్చుంటాదమ్మా" అన్నాడు ధనశేఖర్. ఆ ఖర్చు తనది కాదు కనుక చిరునవ్వుతోనే అన్నాడు.

ఆమె ఏ మాటా ఇవ్వకుండా లేచి వచ్చింది. ఒకరు అబద్ధం చెప్పి డిగ్రీ తీసుకోమంటున్నారు. ఇంకొకరు నిజం చెప్పి డిగ్రీ వదులుకోమంటున్నారు. ఇద్దరికీ ఆమె ఒక రాయి. విసరడానికి వీలుగా ఉండాలి, అంతే.

వైవా నాడు సెమినార్ హాలు నిండింది. డిగ్రీ పరీక్షకు ఇంత జనం రావడం అరుదు. ఏదో జరుగుతుందన్న సుగంధం మెట్ల దాకా వ్యాపించింది. ముందు వరసలో సోఫాలు, శాలువాలు, దండలు. మునిరామయ్య చిత్తూరు నుంచి వ్యానులో పులిహోర, వడలు, మామిడికాయ పప్పు, పాయసం దింపించి, తలుపు దగ్గర నిలబడి, అన్నం చల్లారకముందే అయిపోతుందా అని వచ్చిపోయేవారిని అడుగుతున్నాడు. భోజనం వేళకు గంట ముందు వైవా మొదలుపెట్టడం గిరిప్రసాద్ ఎత్తుగడ. పప్పు వాసన హాల్లోకి వచ్చాక ఏ పరీక్షకుడూ లోతైన ప్రశ్న అడగడన్నది ఆయన అనుభవం.

ఆ ఎత్తుగడకు ఈసారి ఒక చిక్కు వచ్చింది. పరీక్షకుడిగా బెంగళూరు నుంచి వచ్చిన బాలచంద్ర మదనపల్లె మనిషి, రిటైరైన వయసు. తనకు పంపిన గ్రంథాలను చదివే దురలవాటు ఆయనకు ఉన్నట్టు ఎవరికీ ముందుగా తెలియలేదు. పుస్తకంలోంచి పసుపు చీటీలు బయటికి వేలాడటం చూసి గిరిప్రసాద్ నీళ్లు తాగాడు.

లోకేశ్వరి నాలుగు అధ్యాయాలు చెప్పింది. అయిదో దాని దగ్గరకు వచ్చేసరికి కాలం చాలదన్న నెపంతో ఆపింది. బాలచంద్ర రెండు మూడు చిన్న ప్రశ్నలు వేసి, అసలుది దాచుకున్నట్టు చీటీల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఓపెన్ వైవాలో పరీక్షకుడి తర్వాత హాల్లో ఉన్నవారెవరైనా అడగవచ్చు. ధనశేఖర్ లేచాడు. కోటు గుండీలు పెట్టుకుని మరీ లేచాడు.

అభ్యర్థిని తన తెర మీద ఎర్రదీపం పచ్చదీపంతో సమానమని రాయమన్నాడు. ఆమె గురువు వైపు చూసింది. గురువు పైకప్పు వైపు చూశాడు. ఆమె రాసింది. హాలంత వెడల్పున తెర మీద పచ్చరంగు వచ్చింది. వెనక వరసల్లో కలకలం లేచింది.

అంతటితో ఆపి ఉంటే ధనశేఖర్ చరిత్రలో విజేతగా నిలిచేవాడు. కానీ ఏళ్లనాటి ఆకలి ఒక్క ముద్దతో తీరేది కాదు. ఇప్పుడు 'గిరిప్రసాద్' అనే పేరుతో ఒక వస్తువును ప్రవేశపెట్టి, అది సున్నతో సమానమని రాయమన్నాడు. ఆమె రాసింది. యంత్రం ఆలోచించకుండా ఒప్పుకుంది. హాలు పగలబడి నవ్వింది.

గిరిప్రసాద్ పైకప్పు నుంచి దిగివచ్చాడు. "ఆయప్ప పేరు కూడా రాయి" అన్నాడు. రాసింది. ధనశేఖర్ సున్న అయ్యాడు. ఇక మూడో సమీకరణాన్ని ఎవరూ అడగనక్కరలేకుండానే యంత్రం కింద చూపించింది: గిరిప్రసాద్ = ధనశేఖర్. రామానుజులు మోకాళ్లతో ఎక్కారని చెప్పుకునే కొండ నీడన, కేవలం బ్రాకెట్లు తీసివేసి, ఒక గణితశాఖ కేవలాద్వైతం సాధించింది.

"సూసినారు కదా సార్" అని ధనశేఖర్ పరీక్షకుడి వైపు తిరిగాడు. "ఇదీ ఈ మూటలవాళ్ల పునాది. ఈ ఫైలు మీద కట్టిన గ్రంథం ఏదైనా చెత్తబుట్టలోకే పోవాల."

"ఏదైనానా?" అన్నాడు గిరిప్రసాద్. చాలా ఏళ్లకు ఆయన నేరుగా ధనశేఖర్‌తో అన్న మొదటి మాట అది. గొంతులో కోపం పోయి తేనె వచ్చింది. "మీ రూపేష్ పోయినేడు డాక్టరైనాడే. వాని గ్రంథం మొదటి గీత ఏముండాదో ఒకతూరి సూడప్పా."

రూపేష్ ధనశేఖర్ మేనల్లుడు, శిష్యుడు, ఆపైన అదే శాఖలో అసిస్టెంట్ ప్రొఫెసర్. మూడో వరసలో కూర్చున్న ఆ యువకుడు, మామ ఒక్కొక్కటిగా ఇవ్వమన్న పద్ధతిలో రుజువులు మైళ్లకొద్దీ సాగుతుంటే విసిగి, ల్యాబ్ కంప్యూటర్‌లో కనిపించిన ఆధారం ఫైలును పేరు మార్చి వాడుకున్నాడు. మామకు చెప్పలేదు. మామ చదవలేదు. గిరిప్రసాద్ చదివాడు. ఇప్పుడు మామ వెనక్కి తిరిగి చూశాడు. రూపేష్ తన బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. వాటికి లేసులు లేవు.

ధనశేఖర్ కోటు గుండీలు విప్పుకున్నాడు. ఆ కాస్త వ్యవధిలో ఆయన బుద్ధి ఎంత వేగంగా తిరిగిందో, తర్వాత పలికిన మాటలను బట్టి మాత్రమే ఊహించగలం. తాను అడిగినది కేవలం వినోదార్థమని చెప్పాడు. అభ్యర్థుల ఆందోళన తగ్గించడానికి ఇలాంటి చమత్కారాలు శాఖ సంప్రదాయమని చెప్పాడు. గిరిప్రసాద్ అవునన్నాడు. పునాదుల విచారం తత్త్వశాస్త్రానికి చెందుతుందనీ, గణితశాఖ పరిధిలోకి రాదనీ గిరిప్రసాద్ అన్నాడు. ధనశేఖర్ అవునన్నాడు. అమ్మాయి చక్కగా పనిచేసిందనీ, డిగ్రీకి సిఫారసు చేసి భోజనానికి లేవవచ్చనీ ఇద్దరూ అన్నారు. ఎవరు మొదలుపెట్టారో, ఎవరు ముగించారో విన్నవారికి తెలియలేదు. యంత్రం చూపిన సమీకరణానికి లౌకికమైన సాక్ష్యం కూడా దొరికినట్టయింది.

బాలచంద్ర అప్పుడు పసుపు చీటీ ఉన్న పుట తెరిచాడు. "ఇదే నేనూ అడగాలనుకుంటిని. మీరు తొందరపడినారు" అని, లోకేశ్వరి వైపు తిరిగాడు. "ఏమ్మా, ఈ స్వీకృతం తీసేస్తే నీ గ్రంథం నిలుస్తాదా?"

"నిలుస్తాది" అన్నారు గిరిప్రసాద్, ధనశేఖర్.

"మిమ్మల్ని అడగలా."

డిగ్రీ విస్తరిలో వడ్డించి ఉంది. నిలుస్తుందని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అబద్ధమని తెలిసిన ఇద్దరూ, ఆ మాట కోసం ఆమె నోటి వంక ఆశగా చూస్తున్నారు. తలుపు దగ్గర మునిరామయ్య కూడా చూస్తున్నాడు. ఏం జరుగుతోందో అతనికి తెలియదు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు కూతురు ఏమీ తినలేదన్నది మాత్రం తెలుసు.

"నాలుగు అధ్యాయాలు నిలుస్తాయి సార్" అంది లోకేశ్వరి. "అయిదోది నిలవదు."

గిరిప్రసాద్ ఆమె పేరు పెట్టి పిలిచాడు. అది హెచ్చరిక. ఆమె వినిపించుకోక, తన రెండో కాపీ తెరిచింది. అందులో ఆధారం లేదు. ప్రతి త్రికానికీ బ్రాకెట్లు ఉన్నాయి. యంత్రం నింపాదిగా చదువుకుంటూ పోయింది. రైళ్లు వేర్వేరు రైళ్లుగా, దీపాలు వేర్వేరు దీపాలుగా నాలుగు అధ్యాయాలూ ఒకదాని తర్వాత ఒకటి పచ్చబడ్డాయి. అయిదో దాని మొదటి పుటలోనే ఎర్రబడి ఆగింది. విస్తరణ సిద్ధాంతం అనే పేరు మీదే ఆ ఎరుపు పడింది.

బాలచంద్ర ముందుకు వంగి ఆ ఎరుపును చూశాడు. ఒక జంక్షన్‌ను నిజంగా కాపాడటం, ఊరికే ప్రపంచంలోని జంక్షన్లన్నిటినీ కాపాడటం కంటె కష్టమని అన్నాడు. అయిదో అధ్యాయం తీసివేసి, మిగిలిన నాలుగూ ఈ కొత్త రూపంలో సమర్పిస్తే డిగ్రీకి తన సిఫారసు ఉందని చెప్పాడు. సవరణకు గైడు ఒప్పుదల సంతకం చేయాలి, శాఖాధిపతి కూడా చేయాలి.

"నేను చెయ్యను" అన్నాడు గిరిప్రసాద్.

"నేనూ చెయ్యను" అన్నాడు ధనశేఖర్.

ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చున్నారు. ఎప్పుడు కూర్చున్నారో ఎవరూ గమనించలేదు. గురువు మాట ధిక్కరించిన విద్యార్థిని సభలో వెనకేసుకురావడం క్రమశిక్షణకు చేటని ఒకరూ, శాఖ గౌరవానికి భంగమని ఒకరూ వివరించారు. లోకేశ్వరి తెర పక్కన నిలబడి ఉంది. మునిరామయ్య ఏ పక్కకు పోవాలో తెలియక ఆమె సంచీ చేత పట్టుకున్నాడు.

"సరే" అన్నాడు బాలచంద్ర. జేబులోంచి కలం తీశాడు. "చెయ్యకపోతే కారణం రాయాలంటాది మీ రూలు. నేనే రాస్తాను. అయిదో అధ్యాయం తప్పుడు స్వీకృతం మీద నిలబడింది గనుక తీసెయ్యమన్నాము, గైడు ఒప్పుకోలేదు. ఆ స్వీకృతం ఇంకా ఏ ఏ గ్రంథాల్లో ఉండాదో కూడా రాయాల. లేకుంటే అరకొరగా ఉంటాది." లోకేశ్వరి వైపు చూశాడు. "నీకేమన్నా తెలుసునామ్మా?"

"నాకు తెలిసినంతవరకూ చెప్తాను సార్" అంది లోకేశ్వరి. మూడో వరస వైపు చూసి, నోరు తెరిచింది.

"ఇటియ్యి" అన్నాడు గిరిప్రసాద్.

ఒప్పుదల కాగితం ఆయన తొడ మీదికి వచ్చింది. సంతకం చేశాడు. కలాన్ని పక్కకు జరిపాడు. ధనశేఖర్ చదవకుండా చేశాడు. చదవకుండా సంతకం చేసిన ఫలితం ఇందాకే చూసినవాడైనా, చదివితే మరింత నొప్పి అని గ్రహించినట్టున్నాడు. బాలచంద్ర లేచి, లోకేశ్వరికి డాక్టరేటు సిఫారసు చేస్తున్నట్టు హాలుకు వినిపించేలా చెప్పాడు. చప్పట్లు వెనక వరసల నుంచి మొదలై, మూడో వరస దగ్గర తగ్గి, ముందు వరసకు చేరలేదు. మునిరామయ్య ఎవరు కొట్టారో చూడకుండా సంచీ చంకన పెట్టుకుని కొట్టాడు.

గిరిప్రసాద్ సోఫాలోంచి లేవలేదు. లోకేశ్వరి కాగితం తీసుకోవడానికి వంగినప్పుడు ఆయన దానిని వెంటనే వదల్లేదు.

"అధ్యాయం తీసేస్తావు. బాగుండాది. ముందు పుటలో రాసినావు గదా, నా గురువుగారి అపార విద్వత్తు వల్లనే ఈ గ్రంథం సాధ్యమైందని. అది కూడా తీసేస్తావా?"

"లేదు సార్, ఉంచుతాను" అంది లోకేశ్వరి. కాగితం ఆయన వేళ్ల మధ్య నుంచి మెల్లగా లాక్కుంది. "ఆ పుటను యంత్రం చదవదు."